మన నీళ్ల వెనకాలే: అనంతగిరి నుంచి వాడపల్లి దాకా

నా రూమ్మేట్‌ది వికారాబాద్ దగ్గర పల్లె. మాది మిర్యాలగూడ. ఇద్దరం ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతూ హైదరాబాద్ తార్నాకలో ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. మూసీ నది వాళ్ల వైపు కొండల్లో పుడుతుంది, మా హాస్టల్‌కు కొద్ది దూరంలోంచి పారుతుంది, మా ఊరికి దగ్గర్లో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మొత్తం దాదాపు 240 కిలోమీటర్లు. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని క్లాసులో లెక్క చేయించారు. అంటే నా ఒక్కదాని నుంచి రోజుకు 108 లీటర్లు. అవి ఏ దారిన పోయి ఎవరి గడపకు చేరుతున్నాయో చూడాలనిపించింది. సంక్రాంతి సెలవుల చివర్లో తన ఇంట్లో మొదలుపెట్టి మా ఇంట్లో ముగిద్దామని బయల్దేరాం.

జనవరి 17, అనంతగిరి

రూమ్మేట్ వాళ్లమ్మ పొద్దున్నే కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసింది. తాండూరు కందిపప్పు, ఎల్లిపాయ కారం. ఆ నల్లరేగడి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ఆమెకు అది ఎప్పట్నుంచో తెలిసిన రుచి. "ఇంకో రొట్టె తిను బిడ్డా, గుట్ట ఎక్కాలె" అంటూ వేస్తూనే ఉంది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే జాలాట్లోంచి ఒక చిన్న కాలువ తీసి ఉంది. అంట్లు తోమిన నీళ్లు అరటిచెట్టుకు, అక్కడ మిగిలినవి సొరపాదుకు పోతున్నాయి. గడప దాటి ఒక్క చుక్క బయటికి పోవడం లేదు. హాస్టల్ బాత్‌రూమ్‌లో జాలీలోకి సుడి తిరుగుతూ పోయే నీళ్లు గుర్తొచ్చాయి.

అనంతగిరి మీద అనంత పద్మనాభస్వామి గుడి, కోనేరు, చుట్టూ అడవి. ఇక్కడి గాలి మంచిదనే వెనకటి రోజుల్లో టీబీ ఆసుపత్రి కట్టారు. నది పుట్టిన చోటంటే ఏదో ధార కనిపిస్తుందనుకుని వెళ్లేవాళ్లకు జనవరిలో రాళ్లే కనిపిస్తాయి. ఒక చోట తడి ఉంది. ఆకులు తీసి చూస్తే వేలు మునిగేంత నీళ్లు, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకోవచ్చు. వానాకాలపు నది ఇది. అడవి పట్టి ఉంచిన వానే మెల్లగా కిందికి దిగుతుంది. అడవి పోతే అదీ ఉండదు.

పండుగ మర్నాడు కావడంతో జనం బాగా వచ్చినట్టున్నారు. థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ల సీసాలు, గాజు పెంకులు. ఒక కోతి చిప్స్ ప్యాకెట్ చించి లోపలి వెండిరంగు కాగితాన్ని నాకుతోంది. మక్కకంకులు కాల్చే అవ్వ దగ్గర రెండు కంకులు 60 రూపాయలకు కొన్నాం. పక్కనే గోనెసంచిలో సీసాలు నింపి పెట్టుకుంది. "కిలో లెక్కన కొంటరు. గాజుపెంకులు ఎవ్వడు కొనడు, గవ్వి మేకల కాళ్లకు గుచ్చుకుంటున్నయి" అంది. కంకులు తిని బెండ్లు ఎక్కడ పారేస్తామోనని కాబోలు, మా చేతుల్లోంచి తనే తీసుకుని మేకకు వేసింది.

జనవరి 18, గండిపేట, బాపూఘాట్

తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి మేం ఎక్కిన బస్సులన్నింట్లో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాం. డబ్బంతా ఆటోలకే అయింది.

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని సామెత. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద వేలమందిని మింగిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఈ ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను కట్టారు. ఇది 1920లో, అది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడం, ఊరికి తాగునీరివ్వడం రెండూ ఒక్క పనితో జరిగాయి. నీళ్లు నీలంగా, నిండుగా ఉన్నాయి. తలెత్తితే మాత్రం చుట్టూ అపార్టుమెంట్ల టవర్లు. ఈ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలపై 1996లో జీవో 111 ఆంక్షలు పెట్టింది, 2022లో జీవో 69 వాటిని ఎత్తేసింది. నగరానికి ఇప్పుడు ఈ నీళ్లు ఏ మూలకూ చాలవు కాబట్టి కాపాడనక్కర్లేదన్న వాదన నేను ఒప్పుకోను. వంద ఇళ్లకైనా కరెంటు ఖర్చు లేకుండా వాలునే వచ్చే నీళ్లను ఎవరైనా ఎందుకు పోగొట్టుకుంటారు?

సాయంత్రం లంగర్‌హౌజ్ బాపూఘాట్‌కు వెళ్లాం. ఈసీ, మూసీ కలిసేది ఇక్కడే. 1948లో గాంధీ అస్థికలు కలిపింది ఇక్కడే. పొద్దున చూసిన నదికీ దీనికీ పోలిక లేదు. నల్లగా, చిక్కగా పారుతోంది. పైన జలాశయాల గేట్లు మూసి ఉన్నాయి, మరి ఈ నీళ్లు ఎక్కడివంటే నాలాలవి, అంటే ఇళ్లవి.

జనవరి 19, పురానాపూల్ నుంచి అంబర్‌పేట

పురానాపూల్ 1578 నాటిది. దాని కమానుల కింద ఇప్పుడు పారేదంతా మురుగు. అక్కణ్నుంచి నడుచుకుంటూ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు చేరాం. 1908 వరదలో 150 మంది ఎక్కి ప్రాణాలు నిలుపుకున్నారని చెప్పే చింతచెట్టు అక్కడే ఉంది. ఆ చెట్టు కింద రోగుల బంధువులు చాపలు పరుచుకుని అన్నం తింటున్నారు. బయట ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఇద్దరికీ కలిపి 60 రూపాయలు.

చాదర్‌ఘాట్ వైపు ఒడ్డున కొన్ని గోడల మీద ఎర్రరంగులో 'ఆర్‌బీ-ఎక్స్' అన్న గుర్తులు చూశాం. 2024లో నది ప్రక్షాళన కోసం తొలగించాల్సిన ఇళ్లకు వేసినవి. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఒకామె లోపలికి పిలిచి నీళ్లిచ్చింది. "వాసన మాకు అలవాటైంది. వాసన ఎవరిదో వాళ్లు రానీ, మాకెందుకు గుర్తు పెట్టిన్రు?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆమె వెనక గోడమీద వరదనీళ్లు వచ్చిన ఎత్తు వరకు సున్నం రాలిపోయి ఉంది. నది ఒడిలో ఇళ్లు ప్రమాదమే. కానీ ఈ నల్లటి నీళ్లలో ఆమె వంతు ఎంత, కొండమీద అపార్టుమెంట్ల వంతు ఎంత అన్న లెక్క తీయకుండా శిక్ష ఒక్క వైపే పడకూడదు.

అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసేలా కట్టిన ప్లాంటు ఉంది. కంచె బయటినుంచే చూశాం. ఇలాంటి ప్లాంట్లు పనిచేసే తీరు సూక్ష్మజీవుల మీద ఆధారపడి ఉంటుంది. మలినాన్ని అవి తిని అరిగిస్తాయి. మలం, సబ్బు, అన్నం మెతుకులు సరే. మనం మింగిన యాంటీబయాటిక్‌లో శరీరం వాడుకోని భాగం, గడువు తీరిందని టాయిలెట్లో వేసిన మాత్ర, వాటిని పూర్తిగా తీయడానికి ఈ ప్లాంట్లు కట్టలేదు. పైగా పటాన్‌చెరు పరిశ్రమల నుంచి వచ్చే, ఒకసారి శుద్ధి చేసిన వ్యర్థజలం పైపుల్లో ఇక్కడికే వస్తుంది. ఫార్మా రాజధాని అని గర్వంగా చెప్పుకుంటాం. దాని రెండో కొస ఇది.

ఇంకో సంగతి. మా హాస్టల్ నల్లాలో వచ్చేవి నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి, కోదండపూర్ మీదుగా 100 కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తెచ్చే కృష్ణా నీళ్లు. మరో పక్క ఎల్లంపల్లి నుంచి గోదావరి కూడా వస్తుంది. రెండు నదులను కొండలెక్కించి తెచ్చి, ఒక్కసారి ఒళ్లు కడుక్కుని మూడో నదిలో వదులుతున్నాం.

జనవరి 20, ప్రతాపసింగారం వైపు

ఉప్పల్ దాటాక పచ్చదనం మొదలైంది. ఎండాకాలం ఎండిపోవాల్సిన వానాకాలపు నది ఏడాదంతా పారుతోందంటే నగరం పుణ్యమే. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు మనిషి నడుము ఎత్తు పారాగడ్డి. ఒక రైతు కోసిన గడ్డిని మోపులు కడుతున్నాడు. మోకాళ్ల దాకా బురద, చుట్టూ దోమల మేఘం.

"ఎవ్వరికి అమ్ముతరు బాపు?"

"సిటీల బర్రెలున్నయి గదా, డెయిరీలోళ్లు వచ్చి ఎత్తుకపోతరు. దీనికి మందు లేదు, యూరియా లేదు, బోరు లేదు. కోస్తుంటె మళ్ల లేస్తది."

రూమ్మేట్ నన్ను చూసింది. నేనూ తననే చూశాను. హాస్టల్లో పొద్దున చాయ్‌లోకి వచ్చే పాలు ఏ డెయిరీవో మేమెప్పుడూ అడగలేదు. నీళ్లు గడ్డిలోకి, గడ్డి పాలలోకి. మనం పారేసింది ఊరు దాటి పోతుందనుకుంటాం, మలుపు తిరిగి వంటింటికి వస్తోంది.

ఇక్కణ్నుంచి పిల్లాయిపల్లి కాలువ చూద్దామని ఎక్కిన ఆటో మమ్మల్ని వేరే దారిలో దింపింది. ఆ అన్న కూడా కొత్తవాడే పాపం. "అక్కా, మ్యాపుల గిట్లనే ఉన్నది" అని 20 రూపాయలు తిరిగిచ్చాడు. పొలం గెట్ల మీదుగా నడవాల్సొచ్చింది. ఆ దారి తప్పడమే మాకు మంచిదైంది.

యాసంగి నాట్లు నడుస్తున్నాయి. పది పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా వంగి నారు నాటుతున్నారు. గెట్టు మీద ఒక చిన్న సీసాలో మంచినూనె. దిగేముందు కాళ్లకు, చేతులకు పట్టించుకుంటారట. ఒక అక్క పైకొచ్చి పాదాలు చూపించింది. వేళ్ల సందులు తెల్లగా నాని చిట్లిపోయాయి, గోళ్లు నల్లబడ్డాయి, పిక్కల మీద దద్దుర్లు గోకి గోకి పుండ్లయ్యాయి. "రాత్రి పండుకుంటె మంట. పొద్దుగాల మళ్ల గదే నీళ్లు" అంది నవ్వుతూ. కూలి ఎంతంటే 500. మందులకు ఎంతవుతుందని అడిగితే మాత్రం నవ్వలేదు.

కాలువ తూము దగ్గర చెత్త అడ్డం పడి ఉంది. వంగి చూశాను. షాంపూ సాచెట్లు, ఒక టూత్‌బ్రష్, ప్లాస్టిక్ చెంచాలు, మాత్రల పట్టీ ఒకటి. వెనకవైపు బురద తుడిస్తే ధర కనిపించింది, పేరూ కనిపించింది. పోయినేడు జ్వరం వచ్చినప్పుడు నేను వాడిన యాంటీబయాటిక్ మందే. ఐదు మాత్రలు వాడి, రెండు అలాగే వదిలేసిన పట్టీ. ఎవరిదైనా కావచ్చు. మోరీలో వేసినవాళ్లకు ఈ గెట్టు కనిపించే అవకాశమే లేదు. ఆ అక్క దాన్ని రోజూ చేత్తో తీసి పక్కన పెడుతుంది.

మధ్యాహ్నం వాళ్లతో పాటే కూర్చున్నాం. సద్దిగిన్నెలో అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. ఎంత వద్దన్నా కలిపి చేతిలో పెట్టారు. "భయపడకుండ్రి, ఇది ఈ బియ్యం కాదు. ఇక్కడి వడ్లు మేం తినం, మిల్లుకు పోస్తం. తినేటందుకు కొనుక్కస్తం" అని ఒకావిడ చెప్పింది. మాది మిర్యాలగూడ, మిల్లుల ఊరు. మిల్లులో బియ్యానికి ఊరి పేరుండదని చిన్నప్పట్నుంచి తెలుసు. బస్తా మీద ఏనుగో నెమలో బొమ్మ ఉంటుందంతే.

జనవరి 21, సంగెం, భీమలింగం కత్వ

వలిగొండలో రూమ్మేట్ వాళ్ల చిన్నాయన ఇంట్లో రాత్రి ఉండి, పొద్దున ఆయన బండి మీద కత్వకు వెళ్లాం. కత్వ అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట. నీళ్లు ఆగి పక్క కాలువల్లోకి మళ్లుతాయి. మూసీ పొడవునా ఇలాంటివి చాలా ఉన్నాయి, నిజాం కాలానికీ అంతకుముందుకూ చెందినవి కూడా. 2024 నవంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది ఈ సంగెం నుంచే.

దూరం నుంచే తెల్లగా కనిపించింది. నురగ. కత్వ మీంచి నీళ్లు దూకే చోట మనిషి ఎత్తున పేరుకుని, గాలికి ముక్కలై పొలాల మీద వాలుతోంది. సబ్బుల్లో, డిటర్జెంట్లలో జిడ్డును విడదీసే రసాయనాలు నీళ్లలో గాలి బుడగలను పగలనివ్వవు. బకెట్లో బట్టలు నానబెట్టినప్పుడు నురగ బాగా వస్తే సబ్బు మంచిదని మురిసిపోతాం కదా, ఆ నురగే. ఇంత దూరం వచ్చినా చావలేదు. నిజానికి నురగకూ మురికి వదలడానికీ సంబంధం తక్కువ, కంపెనీలు మన కంటి తృప్తికి కలుపుతాయి.

కత్వ పక్కన చింతచెట్టు కింద ఒక పెద్దాయన గేదెలు కాస్తున్నాడు. ఆయనకు ఐదెకరాలు, అంతా ఈ కాలువ కిందే. చిన్నప్పుడు ఈ నీళ్లు దోసిటపట్టి తాగారట, ఇసుకలో చెలిమె తీస్తే కొబ్బరినీళ్లలా ఉండేవట. కొర్రమీను, వాలుగ దొరికేవట. ఇప్పుడు వరి ఎత్తుగా పెరిగి గింజ పట్టేలోపే పడిపోతుంది. నత్రజని ఎక్కువైతే జరిగేది అదే. బావిలో నీళ్లు పచ్చబడ్డాయి. నల్లా కనెక్షన్ వచ్చింది కాబట్టి తాగడానికి ఇబ్బంది లేదన్నాడు.

నేను ఉత్సాహంగా, నగరంలో మురుగంతా నదిలోకి రాకుండా చేస్తే బాగుంటుంది కదా తాతా అన్నాను. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ఆపితె మాకు నీళ్లెవరిస్తరు బిడ్డా? వానలు పడ్డది నాలుగు నెలలు, తిన్నది పన్నెండు నెలలు. నా కొడుకుల పెండ్లిళ్లు ఈ నీళ్లతోనే అయినయి. మోరినీళ్లు మాకొద్దంటె బోర్లు ఏడున్నయి? సాఫ్ చేసి ఇడువుమను. ఆపుమనకు."

నాకు ఈ మొత్తం ప్రయాణంలో బలంగా తగిలిన మాట ఇదే. పుస్తకాల్లో మురుగంటే వదిలించుకోవాల్సిన సమస్య. ఇక్కడ అది పంట, పెండ్లి, అప్పు తీర్చే మార్గం, అదే సమయంలో ఒంటిమీద దద్దురు. నదిని బాగుచేస్తామని నగరంలో ఎవరు ప్లాన్ గీసినా, ఒడ్డున నడిచే బాటలూ పూలమొక్కలే కాదు, ఈ పెద్దాయన కాలువకు ఏ నెలలో ఎన్ని నీళ్లు, ఎంత శుభ్రంగా వస్తాయన్నది మొదటి గీత కావాలి.

చిన్నాయన తిరిగొచ్చేటప్పుడు ఈతకల్లు దగ్గర బండి ఆపాడు. మేం తాటిముంజలు అడిగితే కాలం కాదని నవ్వారు. వేడివేడి మిరపకాయ బజ్జీలు 30 రూపాయలకు ప్లేటు తిన్నాం.

జనవరి 22, సోలిపేట

కేతేపల్లి మండలంలో సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు. 1954లో మొదలై 1963లో పూర్తయింది, నిల్వ 4.46 టీఎంసీలు. ఇక్కడికి వచ్చేసరికి నీళ్లు కంటికి తేటపడ్డాయి. గడ్డి, ఎండ, కత్వల మీద దూకుడు కలిసి నది తనను తాను కొంత కడుక్కుంటుంది. కొంతే.

గట్టు కింద చేపల వేపుడు బండి. కిలో బొచ్చె 250 చెప్పాడు, వేపిస్తే ఇంకో వంద. రూమ్మేట్ తినలేదు, నేను తిన్నాను. ఉప్పూ కారం పట్టించి కరివేపాకుతో వేపిన చేప. "ఈ నీళ్ల చేపేనా అన్నా?" అంటే, "మీరు పట్నంల తినేది కూడ ఇదే చెల్లె" అన్నాడు.

జనవరి 23, వాడపల్లి

మా అమ్మ పెట్టిన పులిహోర డబ్బాతో మిర్యాలగూడ నుంచి వాడపల్లికి బస్సెక్కాం. దారికి ఒకవైపు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు, ఇంకోవైపు సిమెంటు ఫ్యాక్టరీలు, దూరంగా వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. అది 4,000 మెగావాట్లది. సాగర్ నీళ్లను హైదరాబాద్‌కు ఎత్తే పంపులు తిరిగేది ఇలాంటి కరెంటుతోనే కదా అని రూమ్మేట్ అంది. మా గదిలో ఫ్యాన్ ఆపకుండా వచ్చే నాతో ఎన్నిసార్లు గొడవపడిందో.

మీనాక్షి అగస్త్యేశ్వరస్వామి గుళ్లో శివలింగం తలమీద చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లుంటాయి. శరణన్న పక్షి కోసం శివుడు బోయవాడికి తన తల నుంచి మాంసం ఇచ్చాడనీ, ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందనీ కథ. గాయపడ్డ చోటికి కడగడానికి నది వస్తుందన్న ఊహ నాకెంతో నచ్చింది. ఇప్పుడు గాయపడ్డది నదే.

సంగమం దగ్గర పులిచింతల వెనుకనీళ్లు నిలిచి ఉంటాయి. అవతలి గట్టు పల్నాడు. అటునుంచి వచ్చిన ఒక కుటుంబం స్నానాలు చేసి, సీసాల్లో నీళ్లు పట్టుకుంటున్నారు. ఏ ఊరమ్మా అని అడిగారు. హైదరాబాద్‌లో చదువుకుంటున్నాం అన్నాం. పెద్దావిడ పిండివంటల సంచిలోంచి అరిసెలు తీసి ఇచ్చింది. ఆ నీళ్లు తాగొద్దని చెప్పాలా వద్దా అని నాకు చాలా టెన్షన్ పట్టింది. చివరికి కాచి తాగండి పిన్నీ అన్నాను. "తాగడానికి కాదులేమ్మా, ఇంట్లో చల్లుకోవడానికి" అంది.

సాగర్ నుంచి ఎత్తుకున్న నీళ్లను సాగర్‌కు కింద ఇలా తిరిగిస్తున్నాం. దీని కింద పులిచింతల, ఆ కింద ప్రకాశం బ్యారేజీ, విజయవాడ.

హాస్టల్

ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు రెండు వేల లోపే. వచ్చాక హాస్టల్లో చేసిన పనులు చిన్నవి. మిగిలిన మందుల పట్టీలు వేయడానికి మెట్ల దగ్గర ఒక డబ్బా పెట్టాం, నిండాక ఆసుపత్రి వ్యర్థాలతో పాటు తీసుకెళ్లేలా డిస్పెన్సరీ వాళ్లను ఒప్పించాం. వాష్‌బేసిన్ల నీళ్లను వెనక వేపచెట్ల వైపు మళ్లించడానికి వార్డెన్ మేడమ్ ప్లంబర్‌ను పిలిచారు, వచ్చేవారం చూస్తానన్నాడు. మెస్‌లో బియ్యం ఎక్కణ్నుంచి వస్తాయని అడిగితే కాంట్రాక్టర్‌ను అడగమన్నారు.

పెద్దాయన ప్రశ్నను మా ప్రొఫెసర్ ముందు పెట్టాం. శుద్ధి చేసిన నీటిని ఏ మేరకు నేరుగా కాలువలకు ఇవ్వొచ్చు, ఇస్తే యూరియా ఎంత తగ్గించుకోవచ్చు అన్నదాన్ని ప్రాజెక్టుగా తీసుకోమన్నారు. మార్చిలో భీమలింగం కత్వ దగ్గర, నాట్లు వేసిన ఆ పొలం తూము దగ్గర నీటి నమూనాలు తీయాలి. చిన్నాయన రైతులతో మాట్లాడి పెడతానన్నాడు. కాళ్లకు వేసుకోవడానికి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు బేగంబజార్‌లో జత 350 చెప్పారు. నాటేవాళ్లకు బురదలో అవి పనికొస్తాయో లేదో ముందు ఒక జత తీసుకెళ్లి ఆ అక్కనే అడుగుతాం.